ఆషాఢంలో గేటు బయట కూర్చున్నావిడ

మా చెల్లెలి అత్తగారు ఈ చైత్రంలో పోయారు. శ్రీరామనవమి అయిపోయింది కానీ మా వీధిలో వేసిన పందిరి ఇంకా విప్పలేదు. పొద్దున్నే జపం ముగించి లేస్తుంటే ఫోన్ మోగింది. "అక్కా, అత్తమ్మ పోయింది" అంది చెల్లెలు. ఆ తరువాత ఏడుపే. చాలాసేపు విన్నాను.

మా అమ్మ పోయినప్పుడు చెల్లెలికి ఆరేళ్ళు. అప్పుడు ఏడవలేదు. పక్కింటివాళ్ళు ఇచ్చిన బిస్కెట్టు తింటూ నా ఒళ్ళో కూర్చుంది. తల్లి పోయిన పిల్ల ఎలా ఏడుస్తుందో, ఆ ఏడుపు తన గొంతులో మొదటిసారి విన్నది ఈ ఫోన్‌లోనే. అది ఆవిడ కోసం. జపమాల చేతిలో ఉండగానే నాకు అసూయ కలిగింది. దుఃఖం కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చాక ఉండిపోయింది.

మీలో ఆవిడను ఎరిగినవాళ్ళు ఉండవచ్చు. యూనివర్సిటీ స్టాఫ్ క్వార్టర్స్‌లోనే జీవితమంతా గడిపారు, ముందు భర్త ఉద్యోగం మీద, తరువాత కొడుకు ఉద్యోగం మీద. క్యాంపస్ లోపల వేపచెట్ల కింద చిన్న పోచమ్మ గుడి ఉంది. ఆషాఢం ఆదివారాల్లో ఆ గుడికి బోనాలు వెళుతుంటే, వరసకు ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి ఎవరో ఒకరిని అదిలిస్తూ ఒక పొడవాటి మనిషి కనిపించేవారు. ఆవిడే. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆవిడకు నేను చాలా రుణపడి ఉన్నాను. ఆవిడంటే నాకు ఇప్పటికీ అసూయే. రెండూ కలిపి రాయక తప్పదు.

మాది గుంటూరు వైపు. నాన్నగారి ఉద్యోగం మీద తార్నాక వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. అమ్మ పోయాక చెల్లెలికి జడ వేసింది, జ్వరం వస్తే పక్కన కూర్చున్నది, పరీక్షలకు దిగబెట్టింది నేను. పెళ్ళి చేసుకోలేదు. ఆ వేళ దాటిపోయింది, అంతే. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం దొరికింది. చెల్లెలు అదే యూనివర్సిటీలో చదివి, క్యాంపస్‌లో పుట్టి పెరిగిన కుర్రవాణ్ణి ఇష్టపడింది. కుర్రవాడు మంచివాడు. నేనే ముందుండి పెళ్ళి చేయించాను.

పెళ్ళి వైశాఖంలో అయింది. ఆషాఢం రాగానే కొత్త కోడలు పుట్టింటికి రావాలి, ఆ నెలంతా అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. ఇలాంటివి నాన్నగారు పట్టించుకోరు, నేను పట్టించుకుంటాను. వెళ్ళి చెల్లెల్ని తీసుకొచ్చాను. నెల రోజులు మళ్ళీ నా పక్కన పడుకుంటుంది. సంబరంగా ఉంది.

వాళ్ళింట్లో బోనం ఎప్పటినుంచో ఉంది. భర్త పోయాక ఆవిడ కుండ తలకెత్తుకోలేదు. పక్క క్వార్టర్లలో ఆడపిల్లలు ఎవరో ఒకరు ఎత్తేవారు. కొడుక్కు పెళ్ళి కావాలి, కోడలు ఎత్తాలి అని ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. తీరా కోడలు వచ్చింది, ఆషాఢం వచ్చింది, కోడలు మా ఇంట్లో ఉంది.

ఫోన్ చేశారు. "పెద్దబిడ్డా, ఆదివారం మా పోచమ్మ బోనం. కోడలు ఎత్తాలె."

"మీ ఇంటికి పంపడం కుదరదు అత్తయ్యగారూ. ఆషాఢం."

"పంపుమని ఎవరన్నరు? నేనే వస్త."

"మీరు మా గడప దాటకూడదు కదండీ."

"దాటుతనని ఎవరన్నరు?"

ఆదివారం పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో దిగారు. కొత్త కుండ, బియ్యం, బెల్లం, పాలు, పసుపు, ఒక చంకలో వేపరెమ్మలు. అన్నీ గేటు మీదుగా నాకు అందించారు. ఎదురుగా ఇస్త్రీ బండి ఉండేది. ఇస్త్రీ అతని స్టూలు అడిగి తీసుకుని, గేటుకు ఆనుకుని వేసుకుని కూర్చున్నారు. అక్కడినుంచి మా ఇంట్లో బోనం వండించారు.

"కుండ కడిగినవా బిడ్డా? ఏదీ, ఎత్తి చూపియ్యి."

చెల్లెలు వరండాలోకి వచ్చి కుండ ఎత్తి చూపించింది.

"ఏంది గది? పసుపు పూసినవా, చూసి పెట్టినవా? పెండ్లిపిల్లకు పూసినట్టు పుయ్యాలె. ఇంకింత పుయ్యి. మెడ దాకా."

నేను వంటింట్లో పాలలో బియ్యం ఉడికిస్తున్నాను. నా వంటింట్లోకి ఆవిడ గొంతు వస్తోంది. బెల్లం ఎప్పుడు వేయాలో, మంట ఎంత ఉండాలో. అమ్మ పోయినప్పటినుంచి ఆ వంటింట్లో నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

పై వాటా ఆవిడ బాల్కనీలోంచి నన్ను పిలిచి అడిగింది. "ఏంటండీ, వియ్యపురాలిని ఎండలో కూర్చోబెట్టారు?"

నేను జవాబు వెతుక్కునేలోగా గేటు దగ్గరనుంచే జవాబు వచ్చింది. "ఆషాఢమమ్మా! నేను లోపలికొస్తే మా పెద్దబిడ్డ నియమం చెడుతది. గీడ మంచిగనే ఉన్నది, గాలి వస్తున్నది."

ఆ పూట వీధిలో ఆకు కదలడం లేదు. వానలు రాలేదు, ఎండ చైత్రంలో కాసినట్టే కాస్తోంది. గేటు మీదుగా టీ ఇచ్చాను. తాగి, "చక్కెర తక్కువైంది బిడ్డా" అని గ్లాసు మళ్ళీ చాచారు. ఇంకో గ్లాసు పోశాను.

బోనం తయారైంది. కుండకు వేపరెమ్మలు కట్టి, మీద దీపం పెట్టి, చెల్లెలి తలకెత్తాను. ఆవిడ ముందు, చెల్లెలు వెనక, చివర నేను. తార్నాక రోడ్డు దాటి క్యాంపస్‌లోకి నడిచాం. గుడి దగ్గరికి వచ్చాక ఆవిడ పక్కకు తప్పుకుని వేపచెట్టు కింద ఆగిపోయారు. చెల్లెలు లోపలికి వెళ్ళింది.

"రండి అత్తయ్యగారూ" అన్నాను.

"కోడలు దాటిన గడప నేను దాటొద్దు గద."

"గుడికి ఆ నియమం లేదండీ."

"ఉన్నదో లేదో నాకు తెల్వది. నీకు మాటిచ్చిన. దాటనంటే దాట."

అన్నేళ్ళు ఎదురుచూసిన కోడలి బోనం ఆవిడ జనం భుజాల సందుల్లోంచి, మునివేళ్ళ మీద లేచి చూశారు. చెల్లెలు బయటికి వచ్చింది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. నన్ను దాటుకుని చెట్టు కిందికి వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుంది. నా నియమాన్ని నాకంటే గట్టిగా పట్టుకుని నిలబడ్డారు ఆవిడ. ఆ పూటతో నా చెల్లెలు ఆవిడదైపోయింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక చెల్లెలు అంది, "అత్తమ్మకు కాళ్ళు నొప్పులు పుట్టుంటాయి కదా అక్కా?" నా కాళ్ళ గురించి అడగలేదు. నేనూ నడిచాను.

ఈ ఊళ్ళో ఎండాకాలం నవమి పానకంతో మొదలై బోనాలతో ముగుస్తుంది. బోనం ఆవిడది. పానకం నాది. మా వీధి పందిట్లో ప్రతి నవమికీ కల్యాణం జరుగుతుంది. పానకం కలపడం అమ్మ చేసేది, తరువాత నేను. చెల్లెలు చిన్నప్పటినుంచీ నా పక్కన కూర్చుని మిరియాలు దంచేది. పెళ్ళయ్యాక ఆవిడను వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టింది. ఆవిడ ముందు వరసలో కూర్చుని కల్యాణమంతా చూసి, పానకం గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, పందిరంతా వినబడేలా అన్నారు.

"మంచిగున్నది బిడ్డా. మిరియాలే జర సిగ్గుపడుతున్నయి."

పందిరంతా నవ్వింది. మరుసటి ఏడు చెల్లెలు నన్ను అడక్కుండానే ఇంకో గుప్పెడు మిరియాలు దంచి కలిపేసింది. ఆ ఏడు పానకం చాలా బాగుందని నన్ను మెచ్చుకున్నారు అందరూ. ఇప్పటికీ అలాగే కలుపుతున్నాను. తాగిన ప్రతిసారీ గొంతులో ఆవిడ ఘాటు తగులుతుంది.

నన్ను చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళు కూడా పందిట్లో నన్ను చూడగానే, "మీ వియ్యపురాలు రాలేదా?" అని అడిగేవారు. లాలాపేట్ నుంచి కూరలు తెచ్చే ఆమె వారం వారం నా చేతికి కాకరకాయలు తూచి ఇస్తూ, "క్వార్టర్స్ అమ్మ మంచిగున్నదా?" అనేది. నేను బాగున్నానా అని అడిగిన గుర్తు లేదు. ఎదురుగా కనిపిస్తున్నాను కదా, అడగడం ఎందుకు అనుకునేదేమో.

చెల్లెలి మాట కూడా మారింది. మా ఇంట్లో పెరిగిన పిల్ల "ఏంది అక్కా, గట్ల చూస్తున్నవ్?" అనేది. నేను అలా చూడటం నిజమే.

అయితే ఒక సంగతి చెప్పాలి. బోనాల ఆదివారం వాళ్ళింట్లో కోడి కోస్తారు. నేను మాంసం ముట్టను, వండిన గిన్నె కూడా ముట్టను. ప్రతి ఏడూ ఆ మధ్యాహ్నం మా మరిది స్టీలు డబ్బా పట్టుకుని వచ్చేవాడు. "వదినా, అమ్మ పంపింది. కోడి కొయ్యకముందే మీకు తీసి పెట్టింది. వేరే పొయ్యి మీద చేసింది." మూత తీస్తే బోనం అన్నం, పాలూ బెల్లం వాసన. తినేదాన్ని. రుచిగా ఉండేది. డబ్బా ఖాళీగా తిప్పి పంపేదాన్ని కాదు. రవ్వలడ్డో, సున్నుండలో మూత పట్టనంత నింపి పంపేదాన్ని. ఆవిడకు ఆ సంగతి తెలుసు. "పెద్దబిడ్డ డబ్బా పోయినప్పటికన్న వచ్చినప్పుడే బరువుంటది" అని నవ్వేవారట. ఆ మాట కూడా చెల్లెలే చెప్పింది, మురిసిపోతూ.

ఒక ఏడు బోనాల్లో, గుడి ముందు అందరూ ఉండగా నా మొహం చూసి అన్నారు. "మా పెద్దబిడ్డ మొఖం చూడుర్రి, అమ్మవారి కన్న ఎర్రగున్నది! నీ చెల్లెను నేనేం మింగలేదు బిడ్డా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డప్పుల సందడి కాస్త దూరం జరిగాక ఆవిడ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు. "నువ్వు సాదిన పిల్ల. గందుకే గింత మంచిగున్నది. నాకు తెల్వదా?"

చీర కొనుక్కుపోయినవాళ్ళు నేత బాగుందని చెప్పినట్టు అనిపించింది నాకు. కానీ నేను చెల్లెల్ని పెంచానన్న మాట నా ఎదురుగా నిలబడి అన్న మనిషి ఆవిడ ఒక్కరే. మా నాన్నగారు అనలేదు. చెల్లెలు కూడా అనలేదు.

పోయిన చలికాలం ఆవిడ మంచాన పడ్డారు. ఆస్పత్రి, ఇల్లు, మళ్ళీ ఆస్పత్రి. చెల్లెలు మా ఇంటికి రావడం మానేసింది. నేనే చారూ అన్నం పట్టుకుని వెళ్ళేదాన్ని. ఆ పొడవాటి మనిషి మంచంలో సగం కూడా లేరు. గొంతు మాత్రం తగ్గలేదు.

"పెద్దబిడ్డా, నీ చెల్లెను నీకు ఇచ్చి పోత తియ్యి."

"అలాంటి మాటలు వద్దండీ."

"వద్దా? మల్ల నాతోని తోలుకపోవాల్నా?"

సెలైన్ మారుస్తున్న నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. చెల్లెలు మాత్రం కిటికీ వైపు తిరిగింది.

ఆ రోజుల్లో జపానికి కూర్చుంటే ఆవిడ పేరు చెప్పుకునే కూర్చున్నాను. బాగుపడాలని అడిగాను. బాగుపడి వాళ్ళింట్లో వాళ్ళు చల్లగా ఉండాలని, చెల్లెలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి రెండు పూటలు ఉండాలని కలిపి అడిగాను. దేవుడి దగ్గర దాచడం నాకు చేతకాదు.

ఆవిడ పోయాక చెల్లెలు వస్తుందనుకున్నాను. రాలేదు. ఫోన్ చేస్తే ఆవిడ మాటలే. అత్తమ్మ ఇలా అనేది, అత్తమ్మ అలా చేసేది. బతికి ఉన్నప్పుడు పూటలో కాసేపైనా చెల్లెలు వేరే మాట మాట్లాడేది. పోయాక అదీ లేదు. ఇక నాకు మిగిలేదేమైనా ఉందా అని లోపల్లోపల భయపడ్డాను. వయసు యాభై దాటింది. నాన్నగారూ పోయాక ఇంట్లో ఒక్కదాన్ని. ఈ భూమ్మీద నాకు ఉన్నది ఆ ఒక్క చెల్లెలు.

ఆషాఢం వచ్చింది. ఒక సాయంత్రం తలుపు తీస్తే చెల్లెలు నిలబడి ఉంది, చేతిలో పెద్ద సంచి. లోపలికి వెళ్ళి దుప్పటి తీసి మంచం మీద పరిచాను. బియ్యం ఇంకో గ్లాసు పోశాను. వెనక్కి వచ్చి చూస్తే సంచిలోంచి కుండ తీసి నేల మీద పెడుతోంది.

"ఈ ఏడు మా ఇంట్ల బోనం ఎత్తొద్దు అక్కా. ఏడాది మాసికం కాలేదు."

"తెలుసు."

"నువ్వు ఎత్తాలె."

"నాకు అలవాటు లేదు. ఎప్పుడైనా ఎత్తానా? పక్క క్వార్టర్ వాళ్ళను అడుగు. ఇదివరకు వాళ్ళే కదా ఎత్తింది."

"వద్దన్నది అత్తమ్మ. ఆస్పత్రిలనే చెప్పింది. 'ఎవరికీ ఇయ్యకు, పెద్దబిడ్డతోని ఎత్తించు. కాదంటది. మల్ల అడుగు' అన్నది."

"కాదంటానని కూడా చెప్పారా?"

"చెప్పింది. మల్ల అడుగుతున్న. అక్కా, ఎత్తు."

కుర్చీలో కూర్చున్నాను. చెల్లెలు నా గుమ్మంలోకి వచ్చింది, పంపింది మాత్రం ఆవిడ. అంటే తిరిగి ఇవ్వడం కూడా ఆవిడ చేతి మీదుగానే జరగాలి. "నువ్వు నా కోసం వచ్చావనుకున్నాను" అన్నాను. ఇలాంటి మాట తనతో ఎప్పుడూ అనలేదు.

చెల్లెలు కుండ పక్కకు జరిపింది. "అత్తమ్మ చెప్పకున్నా నిన్నే అడుగుదును" అంది. "ఆమె చెప్పిందన్నదే ముందు చెప్పిన. నా తప్పు." అన్నం ఉడికే వాసన వస్తోంది. తను లేచి వెళ్ళి స్టవ్ తగ్గించి వచ్చింది. ఆ రాత్రి భోజనం చేసి, నా పక్కనే పడుకుంది.

ఆదివారం నేనే వండాను. ఏటి మైల కనుక, నేను కడిగి పెట్టాక చెల్లెలు కుండ ముట్టుకోలేదు, పక్కన కూర్చుని చెబుతుంటే చేశాను. పసుపు పూశాను, తను చాలు అనేదాకా పూశాను. కుండ నేనే తలకెత్తుకున్నాను. క్యాంపస్‌లో మెయిన్ రోడ్డు మీద పరుగు తీస్తున్న విద్యార్థులు ఆగి దారి ఇచ్చారు. నడవడం మొదలుపెట్టిన కాసేపటికి బరువంతా తల మీదనుంచి మెడలోకి దిగింది. అన్నేళ్ళుగా వరస చివర చేతులు ఊపుకుంటూ నడిచాను. మోసేవాళ్ళకు ఎలా ఉంటుందో ఎన్నడూ అడగలేదు. అమ్మవారి ముందు కుండ దించి దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ పేరు చెప్పాను, తరువాత చెల్లెలిది. నా కోసం అడగవలసింది ఒకటి ఉంది, అది నోటిదాకా వచ్చి ఆగింది.

మైల వల్ల లోపలికి రాలేక చెల్లెలు బయట సిమెంటు గట్టు దగ్గర నిలబడి ఉంది. వెళ్ళి కూర్చున్నాను. తల తిప్పబోతే తిరగలేదు.

"మెడ పట్టిందా?"

"లేదు."

"ఉండు."

నా వెనకకు వచ్చి నిలబడింది. జడ పక్కకు తీసి రెండు బొటనవేళ్ళు మెడ మీద ఆనించింది. ఆ వేళ్ళు వెతుక్కోలేదు. ఎక్కడ నొక్కాలో, ఎంత నొక్కాలో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోనివ్వాలో వాటికి తెలుసు. మంచం పట్టిన మనిషికి నెలల తరబడి ఒత్తితే గానీ వేళ్ళకు అంత తెలివి రాదు. ఎవరికి ఒత్తిందో నాకు తెలుసు. లోపల చురుక్కుమంది. మా ముందునుంచి కుండల మీద దీపాలు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి, డప్పు దగ్గరికి వస్తోంది. నేను కళ్ళు మూసుకుని మెడ ఇంకాస్త వంచాను.